మీకు పని ఎలా ఒంటబడుతుందో రెండు వారాల్లో తేల్చుకోండి, ట్రైనింగ్‌లో ఏం కావాలో అప్పుడు అడగండి

మొన్నటి బ్యాచ్‌లో కాజీపేట నుంచి వచ్చే ఒక తమ్ముడు మొదటి రోజే తేల్చి చెప్పేశాడు. "మేడం, నేను ప్రాక్టికల్ టైపు. ఆన్‌లైన్‌ల టెస్ట్ రాసిన, గదే వచ్చింది. నాకు నోట్స్ ఇయ్యకుండ్రి, చదివితే ఎక్కది." హన్మకొండలో అకౌంట్స్, కంప్యూటర్ నేర్పబట్టి నాకు పదకొండేళ్లయింది, ఈ మాట ఏడాదికి ఇరవై సార్లన్నా వింటాను. ఒకరు విజువల్ అంటారు, ఒకరు వింటేనే ఎక్కుతుందంటారు, ఇంకొకరు చేస్తే తప్ప రాదంటారు. సరే అని వదిలేశాను. పదో రోజుకల్లా ఆ తమ్ముడు బిల్లులు చకచకా కొడుతున్నాడు, బాగానే ఉంది, కానీ విజయవాడ పార్టీకి వేసిన బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 వేసి పెట్టాడు, అంటే జీఎస్టీ పన్నులో కేంద్రానికి 9 శాతం, రాష్ట్రానికి 9 శాతం. ఎందుకు వేశావంటే "నిన్న గట్లనే వేసిన కదా మేడం" అన్నాడు. నిన్న వేసింది కరీంనగర్ పార్టీకి, అది మన రాష్ట్రమే. విజయవాడ 2014 నుంచి మనకు పక్క రాష్ట్రం, అక్కడికి సరుకు పంపితే ఆ రెంటి బదులు, రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ 18 పడాలి. ఈ ముక్క నోట్స్ మొదటి పేజీలోనే ఉంది, అతను చదవనన్న పేజీలో.

తప్పంతా అతనిదే అనను. ఎవరో ఒక టెస్టు పెట్టి నువ్వు ఫలానా టైపు అని చెబితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది, రాశిఫలాలు చదివినట్టు. కాబట్టి ముందు ఈ టైపుల సంగతి కాస్త చెప్పి, తర్వాత నేను మా పిల్లలతో చేయించే పద్ధతి చెబుతాను. దానికి రెండు వారాలు పడుతుంది, ఒక పెన్ను, నాలుగు కాగితాలు చాలు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో కనిపించే టెస్టుల్లో బాగా తిరిగేది వార్క్. న్యూజిలాండ్‌లో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నీల్ ఫ్లెమింగ్ 1987లో దాన్ని తయారుచేశాడు. చూసి, విని, చదివి రాసి, చేసి, ఇలా నాలుగు దారులు. అంతకు ముందు 1984లో అమెరికాలో డేవిడ్ కోల్బ్ ఒక చక్రం గీశాడు: పని చేయడం, చేసినదాన్ని తిరిగి ఆలోచించుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, ఆ సూత్రాన్ని మళ్లీ పనిలో పెట్టి చూడడం. 2004లో బ్రిటన్‌లో ఒక బృందం ఇలాంటి పద్ధతులన్నీ ఏరి లెక్కపెడితే 71 తేలాయి. ఒక్క మనిషికి 71 మంది టైలర్లు కొలతలు తీసినట్టుంది ఈ వ్యవహారం. తర్వాత 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు కలిసి అసలు ప్రశ్న అడిగారు. ఎవరి టైపుకు తగ్గట్టు చెబితే వాళ్లకు బాగా వస్తుందన్న మాట నిజమైతే, చూసే రకానికి బొమ్మలతో చెప్పినప్పుడు ఎక్కువ రావాలి, వినే రకానికి నోటితో చెప్పినప్పుడు ఎక్కువ రావాలి, తారుమారు చేస్తే ఇద్దరికీ తగ్గాలి. అలా జరుగుతుందని గట్టిగా చూపించిన పరిశోధన దాదాపు లేదని వాళ్లు తేల్చారు. ఇష్టాలు ఉన్నాయి, అది నిజమే. నాకు వీడియో కంటే కాగితం ఇష్టం, మా అమ్మాయికి కాగితం చూస్తే నిద్రొస్తుంది. కానీ ఇష్టమైన దారిలో చెబితే ఎక్కువ వస్తుందన్న మాటే నిలబడలేదు.

మరి ఏది నిలబడింది అంటే, నాకు అది పుస్తకాల్లో కంటే ముందు వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్‌లో తెలిసింది.

బాపు, అంటే మా నాన్న, అక్కడ ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పదో తరగతి సెలవుల్లో నన్ను పొద్దున్నే వెంట తీసుకుపోయేవాడు. మిర్చి బస్తా మూతి విప్పి, పైనున్న కాయలు పక్కకు జరిపి, మోచేయి దాకా లోపలికి పెట్టి గుప్పెడు తీసి నా దోసిట్లో పోసి "ఊపు" అనేవాడు. బాగా ఎండిన కాయైతే లోపల గింజలు గలగలమంటాయి. తడి ఉంటే చప్పుడు రాదు, వంచితే విరగకుండా తోలులాగా వంగుతుంది. తేజ కాయ సన్నగా ఉంటుంది, ఘాటెంతో చెప్పక్కర్లేదు, ఆ చెయ్యి పొరపాటున కంటికి తగిలితే ఆ పూట అయిపోయినట్టే. చపాటా లావుగా, టమాటలాగా ఎర్రగా, ఘాటు తక్కువగా ఉంటుంది, 2025లో దానికి వరంగల్ పేరు మీద జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వారం రోజులు బాపు ఇదే చేయించాడు, కాయ ఇయ్యడం, ఊపించడం, "చెప్పు, తడా పొడా?" అనడం. తప్పు చెబితే తిట్టలేదు, అదే కాయ మళ్లీ చేతిలో పెట్టేవాడు.

ఆ మార్కెట్‌లో మిర్చి తెలిసిన ప్రతి మనిషీ చేత్తోనే నేర్చుకున్నాడు. వాళ్లంతా ప్రాక్టికల్ టైపు జాతకంతో పుట్టారని కాదు, కాయలో తడి చేతికి తప్ప కాగితానికి తెలియదు కాబట్టి. అదే బాపు ఖాతా పుస్తకం దగ్గరికొస్తే ఏమీ ఊపమనలేదు, పక్కన కూర్చోబెట్టి జమ ఎటు, ఖర్చు ఎటు అని చూపించి, నాతో రాయించి, రాసింది పైకి చదివించాడు. నేర్పింది ఒకే మనిషి, నేర్చుకుంది ఒకే మనిషి, దారులు మాత్రం వేరు. దారిని ఎంచింది నా టైపు కాదు, పని. అందుకని నేనే టైపు అని అడిగే ముందు, ఈ పని కంటితో పట్టేదా, చెవితో పట్టేదా, చేతితో పట్టేదా, ఒక నియమం బుర్రలో పెట్టుకుంటే తప్ప జరగనిదా అని అడగండి. చాలా పనులు కలగాపులగంగానే ఉంటాయి. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్‌కు ఎక్కడం చేతికీ కాలికీ రావాలి, ఎక్కే ముందు సప్లై ఆపించి, ఆగిందో లేదో చూసుకోవాలన్న నియమం మాత్రం బుర్రలో ఉండాలి. నేను ప్రాక్టికల్ టైపు, నియమాలు చదవను అంటే ఆ పనిలో కుదరదు.

ముందు వెనక్కి చూసుకోండి

ఒక కాగితం తీసుకుని మీకు బాగా వచ్చిన మూడు పనులు, ఎంత తిప్పలు పడ్డా రాని రెండు పనులు రాయండి. స్కూలు సబ్జెక్టులు వద్దు, వాటి చుట్టూ మార్కుల భయం, సార్ల మీద కోపం అన్నీ చుట్టుకుని ఉంటాయి. స్కూటీ నడపడం, కుట్టు మిషన్, ఫోన్‌లో పైసలు పంపడం, బతుకమ్మ పేర్చడం, ఇలాంటివి రాయండి. ఒక్కొక్క దాని పక్కన నాలుగు సంగతులు గుర్తు తెచ్చుకోండి. ఎవరు నేర్పారు, ఎన్నిసార్లు తప్పు చేశారు, తప్పు చేసినప్పుడు పక్కన ఎవరున్నారు, నేర్చుకున్న ఎన్ని రోజులకు దాన్ని నిజంగా వాడారు.

నా కాగితంలో బతుకమ్మ ఉంది. తంగేడు పూలు వరసగా పేర్చి, రంగులద్దిన గునుగు కట్టలు మీద వరసలో పెట్టేటప్పుడు కాడలు ఒకే పొడవు లేకపోతే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. అమ్మ "వంకర పోతున్నది, చూస్కో" అనేది, అంతే, తను చెయ్యి పెట్టేది కాదు. నేనే రెండు వరసలు తీసి మళ్లీ పేర్చేదాన్ని. రాని పనుల్లో ఈత ఉంది. మా చిన్నాన్న చెరువు గట్టు మీద నిలబడి అరగంట చెప్పాడు, రెండు నిమిషాలు నీళ్లలో ఉంచాడు, మళ్లీ వచ్చే ఎండాకాలమే కనబడ్డాడు. మీ కాగితం కూడా ఇలాగే ఉంటుందని నా అనుమానం. వచ్చిన పనుల్లో చూశామా విన్నామా అన్నది రకరకాలుగా ఉంటుంది, కానీ తప్పు చేసిన వెంటనే చెప్పే మనిషి పక్కన ఉండడం, మళ్లీ మళ్లీ చేసే అవకాశం దొరకడం మాత్రం దాదాపు అన్నిటిలో కనబడతాయి.

టైపు కానివాటిని టైపు అనుకోకండి

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. నర్సంపేట అవతలి ఊరి నుంచి ఒక అక్క వచ్చేది, మహిళా సంఘం లెక్కలు రాస్తుంది, నలభై దాటింది. "నాకు సూసి సదివితే రాదు మేడం, మీరు చెప్తే వింట, విన్నది మర్శిపోను" అన్నది. నాలుగు రోజులు అలాగే చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేసేది, నేను పక్క సీటుకు పోయానంటే ఆగిపోయేది. ఈమె వినే రకం అని నేను కూడా నమ్మేశాను. ఐదో రోజు వెనక నిలబడి చూస్తే, కుర్చీ బాగా వెనక్కి జరుపుకుని, కళ్లు చికిలించి స్క్రీన్ వైపు చూస్తోంది. ఎక్సెల్‌లో కింద కుడి మూలన జూమ్ పట్టీ ఉంటుంది కదా, దాన్ని 100 నుంచి 160కి లాగాను. "అయ్యో, గింత పెద్దగ గూడ అయితదా!" అని నవ్వింది. తర్వాతి వారం కళ్లజోడుతో వచ్చింది, చదివి కూడా నేర్చుకుంది. నాలుగు రోజులు ఆమె చెవులను పట్టుకుని వేలాడింది నేను.

కళ్లు, చెవులు సరే, భాష ఇంకో పెద్ద అడ్డం. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు మెనూలన్నీ ఇంగ్లీషులో ఉంటే, వాళ్లకు రానిది ఎక్సెల్ కాదు, ఆ పది ఇంగ్లీషు మాటలు. ఒక కాగితం మీద ఆ పది మాటలు తెలుగు అక్షరాల్లో రాసి పక్కన అర్థం పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. మూడోది అలసట. పరకాల నుంచి ఆరింటి బస్సెక్కి వచ్చిన పిల్లకు మధ్యాహ్నం రెండింటికి తలలో ఏదీ దిగదు, అప్పుడు "నాకు థియరీ ఎక్కది" అంటుంది. థియరీ పొద్దున చెప్పి చూడండి. నాలుగోది బెరుకు, అందరి ముందు తప్పు చేస్తే నవ్వుతారని మౌస్ ముట్టనివాళ్లు "నేను చూసి నేర్చుకుంటా" అంటారు.

అక్షరాలు తారుమారుగా కనబడడం, చదవడం ఎప్పుడూ కష్టంగానే ఉండడం, వినికిడి తక్కువ కావడం లాంటివి చిన్నప్పటి నుంచీ ఉంటే అది స్టైల్ అని సర్దుకోకండి, డాక్టర్‌కు చూపించుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో చదవడానికి ఇబ్బంది పెట్టే డిస్‌లెక్సియా లాంటివి కూడా ఉన్నాయి. అలాంటివాళ్లకు తగిన ఏర్పాటు చేయడం ఎవరో చూపే దయ కాదు, వాళ్ల హక్కు.

ఇప్పుడు పరీక్ష, మీ మీద మీరే

మీరు నేర్చుకోవాల్సిన దాంట్లోంచి ఇంచుమించు ఒకే కష్టం ఉన్న నాలుగు ముక్కలు తీయండి. మా దగ్గరైతే కొనుగోలు బిల్లు, అమ్మకం బిల్లు, సరుకు వాపసు, బ్యాంకు లెక్క సరిచూసుకోవడం. ఒక్కొక్క ముక్కకు 25 నిమిషాలు, ఎక్కువ వద్దు తక్కువ వద్దు. మొదటిది వీడియో చూడండి, చూడడమే. రెండోది చదివి నోట్స్ రాయండి. మూడోది ఒకసారి చూపించుకుని మిగతా సమయమంతా మీరే చేయండి, పక్కన తెలిసినవాళ్లు తప్పులు మాత్రం చెప్పాలి. నాలుగోది పది నిమిషాలు చదివి పుస్తకం మూసేసి, ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి వాళ్లకు పాఠం చెప్పండి, తట్టకపోతే పుస్తకం తెరిచి చూసి మళ్లీ మూయండి. వినేవాళ్లకు ఆ సబ్జెక్టు రాకపోయినా ఫర్వాలేదు. మా బ్యాచ్ అమ్మాయి ఒకతె వాళ్ల నాయనమ్మకు జీఎస్టీ చెప్పింది, ఆ అవ్వ "మరి గా పైసలు ఎవలకు పోతయ్ బిడ్డా?" అని అడిగిందట, అమ్మాయికి జవాబు తెలియలేదు, మర్నాడు నన్ను అడిగింది. ఇంత మంచి ప్రశ్న క్లాసులో ఎవరూ అడగలేదు.

నాలుగూ అయ్యాక, ఆ రాత్రే ఏది బాగా వచ్చిందనిపిస్తుందో పదికి మార్కులు వేసుకోండి. అదొక వరస. ఇక వాటిని ముట్టకండి. వారం తర్వాత అదే రోజున, పుస్తకం, ఫోన్ పక్కన పెట్టి, నాలుగు ముక్కల్లో ఒక్కొక్క లెక్క చేసి మళ్లీ పదికి మార్కులు వేయించుకోండి, ఈసారి వేరేవాళ్లతో. ఇది రెండో వరస. రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూడండి.

చాలామందికి ఇక్కడే షాక్. మొదటి రాత్రి వీడియోకి 9 వేసుకున్నవాళ్లకు వారం తర్వాత అందులో 3 వస్తుంది. చేసి చూసినది, నోటితో చెప్పినది మొదటి రాత్రి తలనొప్పిగా అనిపించి 5 వేసుకుంటారు, వారం తర్వాత అదే 6, 7 దగ్గర నిలబడి ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులతో చేసి చూపించింది కూడా ఇలాంటిదే. చదివిందే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందుకొచ్చారు. సులువుగా ఎక్కినట్టు అనిపించడం, నిజంగా ఎక్కడం, రెండూ వేరు. ఆన్‌లైన్ టెస్టు అడిగేది మొదటిదాన్నే.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. నా మొదటి ఉద్యోగంలో, పేరు ఎందుకులే, ఐదు రోజులు ఏసీ గదిలో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద స్లైడ్లు తిప్పారు. చక్కగా చెప్పారు, అన్నీ అర్థమయ్యాయి, ఫైలు కూడా రంగుల్లో ఇచ్చారు. ఆరో రోజు కౌంటర్‌లో కూర్చుంటే మొదటి కస్టమరే కొన్న వస్తువు వాపసు తెచ్చాడు. సరుకు వాపసు మీద 14 స్లైడ్లు చూశానని గుర్తుంది, వాటి మీద ఏముందో ఒక్కటి గుర్తు లేదు. లైన్‌లో వెనక ఏడుగురు. పక్క కౌంటర్ అక్క లేచొచ్చి చేసిపెట్టి, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పాత బిల్లులు మూడు ముందేసి "ఇగ నువ్వు చెయ్" అన్నది. ఇప్పటికీ సరుకు వాపసు నాకు ఆ టిఫిన్ డబ్బా వాసనతోనే గుర్తొస్తుంది.

ఒక్క వారంతో ఆగకండి, రెండో వారం నాలుగు కొత్త ముక్కలు తీసి దారులు మార్చి చూడండి. ఎందుకంటే మొదటి వారం వీడియోకి పడిన ముక్కే కష్టమైనదేమో. రెండు సార్లూ ఒకేలా వస్తే నమ్మొచ్చు. మీకు చదివి రాసిందే బాగా నిలిస్తే అదీ మంచిదే, రాసేటప్పుడు మీ సొంత మాటల్లో రాసి ఉంటారు, ఉన్నది ఉన్నట్టు దించినవాళ్లకు అంత నిలవదు.

అప్పుడు ట్రైనర్‌ను ఏమని అడగాలి

"నేను విజువల్ లర్నర్‌ని, దానికి తగ్గట్టు చెప్పండి" అంటే ఏ ట్రైనర్‌కూ ఏం చేయాలో తెలియదు, నాకే తెలియదు. ముప్పై మందిలో మీ ఒక్కరి కోసం పాఠం మార్చడు కూడా. చిన్నది, ఈరోజే చేయగలిగేది అడగండి. సార్, చూపించాక పది నిమిషాలు మాకు వదిలేయండి, మేమే చేస్తాం, మీరు తిరుగుతూ తప్పులు చెప్పండి. రేపటి పాఠం స్లైడ్లు ఈ రాత్రే వాట్సాప్‌లో పెట్టండి, ఇంగ్లీషు మాటలు ముందే చూసుకుంటాం. ప్రాక్టీస్ ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, మీ పాఠం ఫోన్‌లో రికార్డు చేసుకోనివ్వండి, నన్ను ముందు వరసలోకి మార్చండి. ఇలాంటివి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అడిగేటప్పుడు కారణం మీ వారం పరీక్షలోంచి చెప్పండి: "సార్, చూసినప్పుడు వచ్చినట్టే ఉంటుంది, వారానికి పోతుంది, చేసినవి మాత్రం ఉంటున్నాయి." ఇంత వివరంగా చెప్పే విద్యార్థి దొరికితే ట్రైనర్‌కు కూడా సంతోషమే. ఒక్క మాట, టీ బ్రేక్‌లో అందరి ముందు అడగకండి, ముందు రోజు విడిగా అడగండి. పది మందిలో అడిగితే కొందరికి పరువు అడ్డొస్తుంది.

ఆఫీసు ట్రైనింగ్ అయితే హెచ్ఆర్ వాళ్లను అడగాల్సింది ఒకటే, ఐదు రోజులూ ఒకేసారి పెట్టకుండా రెండు రోజులు ఇప్పుడు, మిగతావి వారానికొకటి పెట్టగలరా అని. ఎడం ఇచ్చి నేర్చుకున్నది ఎక్కువ రోజులు నిలుస్తుందని 1885లోనే జర్మనీలో ఎబింగ్‌హాస్ అనే సైకాలజిస్టు తన మీద తనే పరీక్షలు చేసుకుని రాశాడు. అయినా ఇప్పటికీ హోటల్ హాలు బుక్ చేసి ఐదు రోజులూ వరసగానే దంచుతారు, హాలు అద్దె అలా కలిసొస్తుంది కాబట్టి.

నాలాగా నేర్పేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, బ్యాచ్‌ని టైపుల వారీగా విడగొట్టే పని పెట్టుకోకండి. అందరికీ అన్నీ కలిపి ఇవ్వండి, బోర్డు మీద బొమ్మ గీస్తూనే నోటితో చెప్పండి, వెంటనే చేయించండి. అసలే కొత్తవాళ్లకు ముందు పూర్తిగా చేసి ఉన్న లెక్కలు రెండు చూపించి, మూడోదాంట్లో చివరి మెట్టు వాళ్లకు వదలండి, నాలుగోదాంట్లో సగం వదలండి, కొంచెం వచ్చినవాళ్లకు ఇదంతా విసుగు కాబట్టి నేరుగా లెక్క ఇచ్చేయండి. ఏదన్నా మార్చాలంటే ఇక్కడ మార్చాలి, ఎవరికి ఎంత వచ్చు అన్నదాన్ని బట్టి. ఇంకోటి, నేను కరీంనగర్ బిల్లులు పది వరసగా చేయించి, తర్వాత విజయవాడ బిల్లులు పది చేయించేదాన్ని. పిల్లలు ఇరవైకి ఇరవై తెచ్చుకునేవాళ్లు, ఎందుకంటే ఆలోచించే పనే లేదు. ఇప్పుడు మన రాష్ట్రం ఊళ్లు, పక్క రాష్ట్రాల ఊళ్లు కలిపేస్తున్నాను, ఒకటి మంచిర్యాల, ఒకటి బల్లార్షా, ఒకటి కోదాడ, ఒకటి జగ్గయ్యపేట. మొదట్లో మార్కులు పడిపోయి పిల్లలు గోల చేశారు, వాళ్ల నాన్నలు కూడా ఫోన్ చేశారు. నెల తర్వాత దుకాణాల్లో చేరినవాళ్ల నుంచి ఆ తప్పు మీద ఫోన్లు రావడం ఆగింది. రోజూ పొద్దున ఐదు నిమిషాలు, పుస్తకాలు తెరవక ముందే, నిన్నటి మీద మూడు ప్రశ్నలు అడగండి. మార్కులు వేయకండి, ఊరికే అడగండి.

ట్రైనర్ ఏదీ మార్చనంటే? అంటారు కొందరు, సిలబస్ పూర్తి కావాలి, టైం లేదు అంటారు. అప్పుడు ముగ్గురు చేరండి. ముగ్గురే, ఐదుగురైతే ముచ్చట్లు ఎక్కువవుతాయి. క్లాసు అయ్యాక పావుగంట, పుస్తకం మూసి, ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, మూడో మనిషి పుస్తకం తెరిచి తప్పులు చూడాలి, తర్వాత మారాలి. కాజీపేట తమ్ముడు ఇలాంటి ముగ్గురిలో చేరాడు, నోట్స్ చూసి తప్పులు పట్టే వంతు వచ్చినప్పుడల్లా చచ్చినట్టు చదవాల్సి వస్తోంది. మా సెంటర్ కింద చాయ్ బండి దగ్గర వాళ్లు ఆడే ఆట ఒకటుంది, ఒకడు ఊరి పేరు చెబుతాడు, ఇంకొకరు పన్ను చెప్పాలి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అయితే 'సీ, ఎస్', ఐజీఎస్టీ అయితే 'ఐ'. మొన్న సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే నడుస్తోంది.

"మంచిర్యాల."

"సీ, ఎస్."

"సిరోంచ."

"ఐ. మహారాష్ట్ర గది."

"భద్రాచలం."

"సీ, ఎస్."

నేను ఆగి "ఏటపాక?" అన్నాను. భద్రాచలం పక్కనే, నడిచి పోవచ్చు. "సీ, ఎస్ మేడం, పక్కనే గదా" అన్నాడు తమ్ముడు. నోట్స్ చేతిలో ఉన్న అమ్మాయి ఏమీ అనలేదు, ఫోన్ తీసి మ్యాప్‌లో వెతకడం మొదలుపెట్టింది. నా బస్సు వచ్చింది, ఎక్కేశాను. హంటర్ రోడ్డు దాటేలోపు వాట్సాప్‌లో మెసేజ్: "ఐ మేడం. ఏపీల ఉన్నది."